కుందేలు గొంతు

"ఈ మెట్ల మలుపులో మా స్ట్రెచర్ తిరగదమ్మా. వెనకవైపు నుంచి ఇంకో దారేమైనా ఉందా?"

తలుపు తీసిన సొలాంజ్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఎదురుగా నల్లకోటు వేసుకున్న పెద్దాయన టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. భుజాల మీద తడిమంచు. ఆయన వెనక ఇనపమెట్ల మీద మడతపెట్టిన స్ట్రెచర్ పట్టుకుని ఇంకొకతను. కింద వీధిలో పొడుగాటి నల్లబండి ఇంజను ఆపకుండా నిలిపి ఉంది.

"ఎవరికోసం వచ్చారు?"

"సొలాంజ్ తెరియో గారి కోసం. తెల్లవారుజామున పోయారని ఫోనొచ్చింది. మీరు ఆవిడకి ఏమవుతారో..."

"సొలాంజ్ తెరియోని నేనే."

పెద్దాయన మొహం పాలిపోయింది. ఆయన ఆ వృత్తిలో ఎన్ని ఇళ్ళు చూశాడో గానీ, తీసుకెళ్ళాల్సిన మనిషే వచ్చి తలుపు తియ్యడం మాత్రం ఎప్పుడూ చూసినట్టు లేదు. టోపీ తలమీద పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

వంటింట్లోంచి కాఫీ కప్పుతో వచ్చిన రెజాన్, ఆ నల్లకోట్లని ఒక్కసారి చూసి, "మళ్ళీనా?" అన్నాడు.

మొదట ఎవరూ తెమ్మనని పిజ్జాలు వచ్చాయి. తర్వాత తాళం పగలగొట్టి ఇస్తానంటూ ఒకతను పనిముట్ల పెట్టెతో దిగాడు. నిన్న 'శాశ్వత నిద్ర' అని రిబ్బను కట్టిన పూలచక్రం వచ్చింది. ఇవాళ ఏకంగా శవాలబండి.

'మంచుదారి' అనే ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్ళలో సొలాంజ్ పేరు తెలియనివాళ్ళు ఇప్పుడు లేరు. ఆ ఆటలో ప్రతివాళ్ళూ కూనగా ఉన్నప్పటి నుంచి పెంచుకున్న ఎలుగుబంటి పేరు నోనా. కొత్తగా వచ్చిన మార్పులో నోనాకి జబ్బు చేస్తుంది. మందు ఏ పెట్టెలో ఉందో తెలీదు. అసలు డబ్బు పెట్టి పెట్టె తరవాత పెట్టె కొని తెరుస్తూ పోవాలి. అదృష్టం లేనివాళ్ళ నోనా చచ్చిపోతుంది. చాలామందికి అదృష్టం లేకపోయింది.

ఆ సంగతి వీడియోలో నవ్వుతూ ప్రకటించిన మొహం సొలాంజ్‌ది. ఆలోచన ఎవరిదో, ఆ ఆలోచనని ఆమె ఎన్ని సమావేశాల్లో వద్దని మొత్తుకుందో బయట ఎవరికీ తెలీదు. తెలియనివ్వనని ఆ ఆట తయారుచేసే, తను పనిచేసే స్టూడియోకి ఆమె రాసిచ్చింది.

"రెజాన్!" అని కింది వాటా తలుపులోంచి అతని తల్లి ఫ్లోరెట్ కేక వేసింది. "ఆ బండి నాకోసమా? ఇంకా టైముందని చెప్పు! సూపు పొయ్యి మీదుంది!"

ఎవరూ నవ్వలేదు.

"క్షమించాలి," అన్నాడు పెద్దాయన. "ఫోన్ చేసినాయన ఏడ్చాడు సార్. ముప్ఫై ఏళ్ళుగా ఏడుపులు వింటున్నాను, నిజమైన ఏడుపే అనుకున్నాను. భర్తనని చెప్పాడు."

"భర్తని నేను."

"ఆవిడ నెలరోజులుగా పొద్దున్నే స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో వాంతి చేసుకునేదట. ఇంట్లో ఎవరికీ వినపడకుండా. మొహం కడుక్కుని అలాగే పనికి వెళ్ళేదట. నీరసించి నీరసించి పోయిందని చెప్పాడు. అంత వివరంగా చెబితే ఇంకెలా అనుమానిస్తాం?"

రెజాన్ భార్య వైపు తిరిగాడు. సొలాంజ్ అతని వైపు చూడలేదు. పెద్దాయన మాత్రం ఆ ఇద్దరినీ చూసి, ఇక్కడ ఇంకేదో పోయిందని అర్థమైనవాడిలా తల వంచి మెట్లు దిగిపోయాడు.

తలుపు మూసుకుంది.

"నిజమేనా?" అన్నాడు రెజాన్.

సొలాంజ్ వంటింట్లోకి నడిచింది. గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడుగుతోంది.

"నిన్నే అడుగుతున్నాను. నిజమేనా?"

"కొన్ని రోజులు."

"ఒకే మంచం మీద పడుకుంటున్నాను. నాకు తెలీదు. శవాలబండివాడికి తెలుసు."

"నీకు చెబితే ఏం చేస్తావు? వెళ్ళి మా బాసు కొరీన్ మెడ పట్టుకుంటావు."

"పట్టుకుంటే తప్పా? వద్దు వద్దని ఏడ్చిన నిన్నే కెమెరా ముందు కూర్చోబెట్టింది. జనం రాళ్ళేస్తుంటే అద్దాల గదిలో కూర్చుని చూస్తోంది. నువ్వేమో నోరు మెదపవు."

"నా కింద ఎనిమిది మంది పనిచేస్తున్నారు రెజాన్. నేను నోరు విప్పిన మర్నాడు ఆ గది ఖాళీ చేయిస్తారు. బెనువాకి పాప పుట్టి ఇంకా నెల కాలేదు."

"నీ కింద ఎనిమిది మంది. మరి నీ పక్కన?"

రెజాన్ కప్పు బల్లమీద పెట్టాడు. అతను వర్డన్ మంచుహాకీ మైదానంలో మంచు సాపుచేసే బండి నడుపుతాడు. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"మీ ఆటలు నాకు తెలీవు. నాకు తెలిసిన ఆటలో మనిషి కిందపడితే ఈల వేసి ఆపేస్తారు. పడ్డవాణ్ణి చూపించి టిక్కెట్లు అమ్ముకోరు."

"తెలుసు."

"తెలిస్తే చెప్పు మరి! ఇది నా ఆలోచన కాదని ఒక్క మాట చెప్పు."

"ఆ ఎలుగుబంటిని పుట్టించింది నేను," అంది సొలాంజ్ కుళాయి కట్టేస్తూ. "దాని నడక, దాని అలక, అది మంచులో పొర్లే తీరు, అన్నీ నేను రాసినవే. జనం దాన్ని అంత ప్రేమించకపోయి ఉంటే, వాళ్ళు దానికి జబ్బు తెప్పించేవాళ్ళే కాదు. నా చెయ్యి లేదని ఏ నోటితో చెప్పను?"

రెజాన్ కిటికీ దగ్గరికి నడిచాడు. కిటికీ బయట నల్లబండి వెనక్కి తిరగడానికి అవస్థ పడుతోంది. ఎదురింటి వాటాల్లో ఒక్కో కర్టెనూ పక్కకి జరుగుతోంది.

"సరే. అదలా ఉంచు. కుళాయి చప్పుడు సంగతి ఆ ఫోన్ చేసినవాడికి ఎలా తెలిసింది?"

ఇద్దరికీ ఆ ఆలోచన ఒక్కసారే వచ్చింది. స్నానాలగదికి అవతల ఒకే గోడ. ఆ గోడకి అవతల ఒకే గది, కూతురిది.

మాయెల్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఉన్నిమేజోళ్ళు, మెడచుట్టూ హెడ్‌ఫోన్లు, నిద్రలేని కళ్ళు. ఎప్పటినుంచి వింటోందో తెలీదు.

"నేను ఎవరికీ చెప్పలేదు," అంది, వాళ్ళు అడక్కముందే.

"మాయెల్," అన్నాడు తండ్రి.

"అలా చూడకు నాన్నా. ఆ పిచ్చివాళ్ళతో నేను ఒక్క మాటైనా మాట్లాడలేదు. అమ్మని తిడుతుంటే తిరిగి తిట్టాను. అమ్మ అని చెప్పకుండానే తిట్టాను. నన్ను మూడు చాట్ గుంపుల్లోంచి గెంటేశారు."

"వాంతుల సంగతి ఎవరికి చెప్పావు?" అంది సొలాంజ్. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయం పుట్టించింది.

మాయెల్ కింది పెదవి కొరుక్కుంది.

"కుందేలుకి. దానికి ఒక్కదానికే."

"కుందేలెవరు?" అంది సొలాంజ్.

"నా స్నేహితురాలు. రెండేళ్ళ నుంచి. మీకు చెప్పాను, మీరు వినలేదు. ఆటలో దాని పేరు కుందేలు. ట్రువా-రివియేర్ ఊళ్ళో ఉంటుంది. నా వయసే. అది ఎవరికీ చెప్పదు. చచ్చినా చెప్పదు."

"చూశావా దాన్ని ఎప్పుడైనా?" అన్నాడు రెజాన్.

"చూడాలా? మీరిద్దరూ రోజూ ఒకర్నొకరు చూసుకుంటారు. ఏం తెలిసింది?"

రెజాన్ తల దించుకున్నాడు. మాయెల్ ఆ మాట అన్నందుకు నొచ్చుకుని, మెత్తబడి కుర్చీలో కూలబడింది.

"లూడోవిక్ నన్ను వదిలేసినప్పుడు తెల్లవార్లూ నాతో ఉంది నాన్నా. కాలేజీలో ఫెయిలైతే, నీకు చెప్పేముందు దానికే చెప్పాను. ఏమీ సలహాలివ్వదు, వింటుంది. నేను ఏడ్చి ఏడ్చి మాట రాకపోతే, 'గొంతు ఎండిపోయింది, వెళ్ళి నీళ్ళు తాగి రా. నీ చోటు ఎవరికీ ఇవ్వను' అంటుంది. ప్రతిసారీ అదే మాట. అది అన్నాక నాకు నిద్ర పట్టేది."

సొలాంజ్ చేతిలోని తువ్వాలు జారింది. ఎవరూ తియ్యలేదు.

"మళ్ళీ చెప్పు. ఏమంటుంది?"

"నీళ్ళు తాగి రా. నీ చోటు ఎవరికీ ఇవ్వను. ఎందుకు?"

స్టూడియోలో అయిదో అంతస్తులో ఒక గది ఉంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు లిఫ్టు ఆ అంతస్తులో ఆగి తలుపులు తెరుచుకుంటే లోపలి మాటలు వినపడేవి. వరసగా కూర్చున్న మనుషులు, చెవులకి హెడ్‌ఫోన్లు, మెత్తటి గొంతులు. కొత్తగా చేరినవాళ్ళకి ఆట నేర్పించే విభాగమని సొలాంజ్ అనుకునేది. వాళ్ళని 'సహవాసులు' అనేవారు. ఆ మాట ఆమె అక్కడ విన్నది, ఒక గొంతులో కాదు, నాలుగైదు గొంతుల్లో. నీళ్ళు తాగి రా. నీ చోటు ఎవరికీ ఇవ్వను.

"అది వాళ్ళకి నేర్పే మాట," అంది మెల్లగా, ఆ గదిలో జరిగేదేమిటో ఇప్పుడు అర్థమై.

"ఎవరికి?"

"ఆట మానేస్తారేమో అనిపించినవాళ్ళ పక్కన స్టూడియో ఒకర్ని కూర్చోబెడుతుంది. స్నేహం చెయ్యడానికి. ఆటలోంచి పోనివ్వకుండా. అదొక ఉద్యోగం, మాయెల్."

మాయెల్ ముందు నవ్వింది.

"జీతం తీసుకుని రెండేళ్ళు నా ఏడుపు విన్నదంటావా? అమ్మా, నీకు పిచ్చెక్కింది."

"ఆ మాటలు నేను నా చెవులతో..."

"దాని నవ్వు నీకు తెలుసా? నేను జోకు సగంలో ఉండగానే నవ్వేస్తుంది. దాన్నెవరైనా నేర్పుతారా?" ఆ పిల్ల లేచి నిలబడింది. "నువ్వు పగలూ రాత్రీ ఆ స్టూడియోలోనే పడున్నావు. నాకు తోచక చస్తుంటే మీవాళ్ళే ఒక మనిషిని నాకు తోడు పంపారన్నమాట. భలే ఉంది. నువ్వు చంపింది నోనాని ఒక్కదాన్నే అనుకున్నాను."

గది తలుపు ధడేలుమంది.

రెజాన్ ఆ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. సొలాంజ్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడే వీధిలో కారు తలుపు పడిన చప్పుడు.

*

కొరీన్ లావిగర్ చేతిలో మిఠాయిదుకాణం పెట్టె ఉంది. ఉన్నికోటు మీద ఒక్క మంచుచుక్క లేదు. స్టూడియోకి ఆమె పెద్ద. అయినా వచ్చిన వెంటనే సొలాంజ్‌ని కావిలించుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది.

"విన్నాను. బండి సంగతి విన్నాను. ఎంత నీచమైన మనుషులు! రెజాన్, నువ్వెలా ఉన్నావు?"

"బతికే ఉన్నాం," అన్నాడు రెజాన్. "ఇప్పుడే ఒకాయన వచ్చి ఆ సంగతి సరిచూసుకుని వెళ్ళాడు."

ఫ్లోరెట్ కిందినుంచి సూపు గిన్నె పట్టుకుని ఎక్కి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, మెట్టుమెట్టుకీ ఆగి, ఆ గిన్నె మాత్రం తొణకనివ్వలేదు. దాన్ని బల్లమీద పెట్టి, పొమ్మన్నా పోకుండా కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బండి సంగతి నీకెవరు చెప్పారు?" అంది సొలాంజ్.

"ఎవరో వీడియో పెట్టారు. ఎదురింటి కిటికీలోంచి తీసినట్టుంది. జనం తెగ చూస్తున్నారు." కొరీన్ చేతి తొడుగులు విప్పింది. "అందుకే స్వయంగా వచ్చాను. గురువారం నువ్వు ప్రత్యక్ష ప్రసారంలో కూర్చోవాలి. పెద్దగా ఏమీ లేదు. క్షమించమని నాలుగు మాటలు. నీ మాటల్లోనే. ఏడుపొస్తే ఆపుకోకు."

"నోనా జబ్బు తీసేస్తున్నారా?"

"ఇప్పుడా? లేదు."

"అయితే దేనికి క్షమాపణ?"

"నువ్వు వాళ్ళ బాధ అర్థం చేసుకున్నావని వాళ్ళకి తెలియాలి."

"అర్థం చేసుకున్నానని ఏడ్చి, మళ్ళీ పెట్టెలు అమ్మాలా?"

కొరీన్ నిట్టూర్చింది. చిన్నపిల్లకి లెక్క చెప్పే టీచరులా ముందుకి వంగింది.

"చూడు సొలాంజ్. నీకు ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. ఆట మొదలైన దగ్గర్నుంచి ఇంతమంది ఎప్పుడూ లేరు. మానేసి వెళ్ళిపోయినవాళ్ళు తిరిగొచ్చారు. కోపంగా వచ్చారు, నిజమే. కానీ వచ్చారు. కోపం వచ్చినవాడు పోడు. విసుగొచ్చినవాడే పోతాడు."

"ఆ కోపం మా గుమ్మంలోకి వస్తోంది," అన్నాడు రెజాన్.

"దానికి కాపలా పెట్టిస్తాం."

"మేరీమాతా!" అంది ఫ్లోరెట్ కిటికీ దగ్గర్నుంచి. "మా ఆయన బతికున్నప్పుడు కోడిపందేలు ఆడించే ఆసామి ఒకడు ఉండేవాడు. వాడూ ఇలాగే చక్కగా మాట్లాడేవాడమ్మా. కోళ్ళకి మంచి మేతే పెట్టేవాడు."

కొరీన్ ముసలావిడ వైపు ఒక నవ్వు పడేసింది.

సొలాంజ్ ఆమె ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళూ నువ్వు అని పిలిచిన మనిషిని మొదటిసారి మీరు అంది.

"మిమ్మల్ని ఒకటి అడుగుతాను. సహవాసులు విన్న కబుర్లు ఎక్కడికి వెళ్తాయి?"

ఆ 'మీరు' కొరీన్‌కి తగిలింది. కనురెప్ప ఒకసారి అదిరింది.

"పైకి వస్తాయి. రావాలి కదా. ఎవరికేం బాధో తెలిస్తేనే మనం సాయం చెయ్యగలం."

"పైకంటే ఎవరికి?"

"సొలాంజ్..."

"నేను పొద్దున్నే వాంతి చేసుకుంటానని ఎవరికి తెలుసు?"

సూపు మీద ఆవిరి లేస్తోంది. కొరీన్ తొడుగుల్ని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చింది.

"నాకు తెలుసు," అంది చివరికి. "అందుకే నీకు సెలవు ఇవ్వమని కూడా అన్నాను, అడుగు కావలిస్తే. చాలామంది చూస్తారు ఆ కబుర్లు. ఎవరో కుర్రవాడు నోరు జారి ఉంటాడు. విచారిస్తాం. కుందేలు ఎవరి పక్కన కూర్చుందో, ఆ పిల్ల మీ అమ్మాయేనని తెలిశాక ఆ పేరు మీద మేం ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాం. మీ మంచికే."

కుందేలు పేరు ఈ ఇంట్లో ఆమెకి ఎవరూ చెప్పలేదు.

లోపలి గది తలుపు వెనక నేల కిర్రుమంది. మాయెల్ వింటోంది. సొలాంజ్‌కి వెళ్ళి ఆ తలుపు తట్టాలనిపించింది. కొరీన్ ఎదురుగానే కూర్చుండిపోయింది.

"శ్రద్ధ అంటే?" అన్నాడు రెజాన్.

"అంటే... ఇంట్లో పరిస్థితి ఎలా ఉందో, సొలాంజ్ బయట ఏమైనా మాట్లాడబోతోందో, అలాంటివి కనిపెట్టి ఉండటం. ఏ సంస్థయినా చేస్తుంది." కొరీన్ లేచింది. "గురువారం. బెనువా వాళ్ళంతా నీ మీదే ఆశ పెట్టుకున్నారు. నేను బెదిరించడం లేదు, ఉన్నమాట చెప్తున్నాను."

రెజాన్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. చలిగాలి వంటింటి దాకా వచ్చింది.

"మీ పెట్టె," అంది ఫ్లోరెట్. కుర్చీలోంచి లేచి, మిఠాయి పెట్టెని కొరీన్ చేతుల్లో పెట్టింది. "ఇందులో ఏముందో తెరిచి చూస్తే గానీ తెలీదు కదా. మా అదృష్టం అసలే బాగాలేదు."

కారు వెళ్ళిపోయిన చప్పుడయ్యాక ఫ్లోరెట్ సూపు వడ్డించింది. పసుపుపచ్చని బఠాణీల సూపు, పందిమాంసం ముక్కలతో. సొలాంజ్ గరిటెడు తింది. కడుపులో నిలిచింది. నెలరోజుల తరవాత మొదటిసారి.

"గురువారం కూర్చుంటాను," అంది.

రెజాన్ తల ఎత్తాడు.

"కెమెరా ముందు కూర్చుంటాను. ప్రత్యక్ష ప్రసారమన్నారుగా, నేను నోరు విప్పాక ఆపేలోపు సగమైనా బయటికి వెళ్తుంది. పెట్టెల్లో మందు ఎలా దాస్తారో చెప్తాను. అయిదో అంతస్తు గురించి చెప్తాను. బెనువాకి ముందే ఫోన్ చేసి చెప్తాను, వాడు తిట్టినా సరే."

"ఉద్యోగం పోతుంది. కోర్టుకి లాగుతారు."

"నువ్వే కదా చెప్పమన్నావు!"

"అన్నాను," అన్నాడు రెజాన్. "ఇప్పుడు భయమేస్తోంది."

ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు. ఎన్నాళ్ళో అయింది ఆ ఇంట్లో ఒకరి చెయ్యి మీద ఒకరు చెయ్యి వేసి.

"ముందు పిల్లకి చెప్పాలి," అంది సొలాంజ్. "జనానికి చెప్పేముందు దానికి చెప్పాలి."

గది తలుపు తట్టింది. పలకలేదు. మళ్ళీ తట్టి తెరిచింది. హెడ్‌ఫోన్లు మంచం మీద ఉన్నాయి. కిటికీ మూసే ఉంది. వెనకవైపు మెట్లకి వెళ్ళే తలుపు గొళ్ళెం తీసి ఉంది. బూట్లు లేవు.

"అత్తయ్యా, మాయెల్ కింద మీ దగ్గరికి వచ్చిందా?"

"ఎక్కడా? నేను ఇక్కడే ఉన్నానుగా." ఫ్లోరెట్ నొసలు ముడిచింది. "ఆ కారమ్మాయి వెళ్ళేటప్పుడు కిటికీలోంచి చూశాను. పిల్ల సందులోంచి వచ్చి వీధి దాటింది. చెయ్యి ఊపితే చెయ్యి ఊపింది. దుకాణానికనుకున్నాను."

రెజాన్ ఫోన్ చేశాడు. మోగలేదు. మళ్ళీ చేశాడు. సొలాంజ్ తన ఫోన్ చూసుకుంది. కూతురి దగ్గర్నుంచి ఒక్క మాట వచ్చి ఉంది, గొడవలో వినిపించలేదు.

'అది నిజమైన మనిషి. కలుద్దామంది. తీసుకొచ్చి చూపిస్తాను.'

"ఎవరిని?" అంది ఫ్లోరెట్. "ఎవరిని తీసుకొస్తుంది?"

"కుందేలుని."

రెజాన్ ఊపిరి వదిలాడు. "స్టూడియో మనిషే కదా. జీతగాళ్ళే కదా. ఏం చేస్తారు? మంచి మాటలు చెప్పి పంపుతారు." అతను ఆ మాటలు భార్యకి చెప్తున్నాడో తనకి తను చెప్పుకుంటున్నాడో తెలీదు.

బయట ఇనపమెట్లు మోగాయి. బరువైన అడుగులు, ఆగి ఆగి. మాయెల్ అడుగులు కావు.

తలుపు తీస్తే ఒక స్త్రీ. యాభై అయిదు దాటి ఉంటాయి. తడిసిన ఎర్రటోపీ, చవకరకం కోటు, మెట్లెక్కిన ఆయాసం. చేతిలో ఏమీ లేదు.

"ఎవరి శవం కోసం?" అంది ఫ్లోరెట్ లోపల్నుంచి.

ఆవిడకి అర్థం కాలేదు. సొలాంజ్‌ని మాత్రం గుర్తుపట్టింది.

"నా పేరు జినెట్ గాడ్‌బోయ్. క్షమించండి, ఇలా చెప్పకుండా రాకూడదు. ఒకప్పుడు నాటకాలు వేసేదాన్ని. తరవాత మీ స్టూడియోలో... అయిదో అంతస్తులో." బొంగురుగొంతు. ఒక్కొక్క మాటా వెతుక్కుంటోంది. "మీ ఇంటి చిరునామా నాకు మీ పాపే ఇచ్చింది. పుట్టినరోజుకి నేను అల్లిన మఫ్లరు పంపుతానంటే. పంపలేదు. పంపకూడదు మేం."

రెజాన్ ముందుకొచ్చాడు. "మీరేనా కుందేలు? మా పిల్లకి తన వయసు పిల్లనని చెప్పింది మీరేనా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. తెరిచేలోపు గొంతు మారిపోయింది. పలచగా, లేతగా, నవ్వు అంచున నిలబడి ఉన్నట్టుగా.

"గొంతు ఎండిపోయింది, వెళ్ళి నీళ్ళు తాగి రా. నీ చోటు ఎవరికీ ఇవ్వను."

రెజాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండేళ్ళుగా, మాయెల్ హెడ్‌ఫోన్లు తీసేసిన రాత్రుల్లో, గోడకి అవతల నుంచి ఆ గొంతు అతనికీ వినపడుతూనే ఉంది. పేరు తెలియకపోయినా, మాయెల్‌కి మంచి స్నేహితురాలు దొరికిందని సంతోషించాడు కూడా.

"తిట్టండి," అంది జినెట్ మళ్ళీ తన గొంతుతో. "తిట్టినా పడతాను. కానీ దాని ఏడుపుకి నేను ఊకొట్టడం అబద్ధం కాదు. ఇంటి సంగతులు రాసి పైకి పంపమంటే పంపాను. ఇక పంపనన్నాను. శుక్రవారం నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పటినుంచి దానికి చెప్పే దారిలేక... ఒక్కసారి దాన్ని చూసి, మొహం మీద చెప్పి వెళ్ళిపోతాను. ఉందా?"

సొలాంజ్ చెయ్యి తలుపు చెక్కని గట్టిగా పట్టుకుంది.

"లేదు. మిమ్మల్ని కలవడానికే వెళ్ళింది."

"నన్నా?"

"ఇప్పుడే. కుందేలు కలుద్దామందని."

జినెట్ మొహంలో మొదట ఆశలాంటిది మెరిసింది. తరవాత ఆ మాటలో అర్థం లోపలికి దిగింది. ఇనపకమ్మీ కోసం చెయ్యి చాచి పట్టుకుంది.

"శుక్రవారం నుంచి ఆ పేరు, దాని ఖాతా నా దగ్గర లేవమ్మా. లాక్కున్నారు. ఎవరికిచ్చారో తెలీదు. అసలు స్టూడియోలోనే ఉందో, బయటికి పోయిందో కూడా తెలీదు."

ఫ్లోరెట్ చేతిలోని గరిటె గిన్నెకి తగిలి చిన్నగా మోగింది.

"ఎక్కడ కలుస్తుంది?" అన్నాడు రెజాన్. "ఎక్కడైనా చోటు అనుకునేవాళ్ళా మీరిద్దరూ?"

"ఒకటే చోటు," అంది జినెట్. "ఉత్తుత్తి కబుర్లే. ఎప్పటికైనా కలిస్తే ఆటలో నోనాతో నడిచినట్టు నది మంచు మీద నడుద్దాం, రేవు దగ్గర్నుంచి అవతలి లంక దాకా అనుకునేవాళ్ళం. మా మాటలన్నీ ఆ పేరుతోనే ఉంటాయి. ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చదువుకోవచ్చు."

"మార్చి నెలలోనా?" అంది ఫ్లోరెట్. "పొద్దుట్నుంచి చూరుల మీది మంచు కరిగి కారుతోంది, నది మీది మంచు మనిషిని మోస్తుందట్రా రెజాన్!"

రెజాన్ కోటు వేసుకోలేదు. అప్పటికే మెట్ల మలుపు తిరిగాడు.